రాళ్ళను చదివిన ఫుట్ దొర

మన కర్నూలు గురించి బయటి ఊరివాళ్ళు అడిగితే మనం చెప్పే మాటలు రెండే. ఒకటి కరువు, రెండవది రాయి. కరువు మీద ఈ సంచికలో ఎవరో ఒకరు గేయమో కథానికో రాసే ఉంటారు. కాబట్టి నేను రాయిని పట్టుకున్నాను. మాది కల్లూరు. కన్నడంలో కల్లు అంటే రాయి. మా ఊరి పేరులో ఉన్నది ఆ కల్లా, లేక చెట్టుకు గీసే కల్లా అన్నది పెద్దలు తేల్చవలసిన విషయం. మా చేనిలో మాత్రం రాయికి కొదవ లేదు. ప్రతి ఎండాకాలం మా నాయనా నేనూ రాళ్ళు ఏరి గెనిమ మీద పోస్తాము. మరుసటి ఏడు నాగలి కిందికి మళ్ళీ అన్నే వస్తాయి. సేద్యగానికి రాయి పగవాడు.

ఆ రాయితోనే స్నేహం చేసి, దానిని పుస్తకంలాగా చదివి, ఈ దేశంలో మనిషి వయసును ఎవరూ ఊహించనంత వెనక్కు జరిపిన మనిషి ఒకడున్నాడు. ఆయన మన ప్రాంతపు గండ్లలోకి దిగినాడు, మన గవులలో మట్టి తవ్వించినాడు, మన ఎండకు మాడినాడు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఇంగ్లీషులో ఫుట్ అంటే పాదం. దొర తన పేరు చివర ఒక అక్షరం ఎక్కువగా రాసుకునేవాడు గానీ, అర్థానికి తగినట్టే జీవితమంతా నడిచినాడు.

మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. పరీక్షలో అయితే రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కుల వెనుక ఎన్ని మైళ్ళ నడక ఉన్నదో విద్యార్థి మిత్రులకు చెప్పాలనే నా ఈ ప్రయత్నం.

పల్లవరం గరుసు గుంత

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించినాడు. 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో, అంటే భారత భూగర్భ సర్వే శాఖలో, ఉద్యోగం సంపాదించి మద్రాసు వచ్చినాడు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేండ్లు. సిపాయిల తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడు అది. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఏడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ శాఖను తెల్లదొరలు మన మేలు కోరి పెట్టలేదు. ఎక్కడ బొగ్గు ఉంది, ఎక్కడ ఇనుము ఉంది, ఎక్కడ బంగారం దొరుకుతుంది అన్నది వారికి కావలసిన లెక్క. ఫుట్‌కు జీతం ఇచ్చింది ఆ లెక్క కోసమే. ఆ లెక్క ఆయన సక్రమంగా అప్పజెప్పినాడు. దానితోపాటు ఎవరూ అడగని లెక్క ఒకటి తనంతట తానే మొదలుపెట్టినాడు. ఈ దేశంలో మనిషి ఎప్పటినుంచి ఉన్నాడు అన్నదే ఆ లెక్క.

అప్పుడు ఐరోపాలో ఆ ప్రశ్న కుతకుత ఉడుకుతూ ఉండినది. 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది. అదే ఏడు ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అనే ఇంగ్లీషు పండితులు ఫ్రాన్సులో సొమ్ము నది గరుసులో దొరికిన రాతి పనిముట్లను చూసి, అవి నిజంగానే అంతరించిన జంతువుల కాలపు మనుషులు చేసినవేనని ఒప్పుకున్నారు. ఆ వార్తలు ఓడల మీద మద్రాసు చేరినాయి. ఫుట్ వాటిని శ్రద్ధగా చదివినాడు. అక్కడ ఉన్న మనిషి ఇక్కడ మాత్రం ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన ఆయనలో నాటుకున్నది.

ఇంకొక ముచ్చట చెప్పాలి. ఫుట్ పెండ్లాడింది పీటర్ పెర్సివల్ అనే పాదిరీ గారి కూతురిని. ఆ పెర్సివల్ తమిళంలో మహా పండితుడు. 1862లో మద్రాసులో ఒక తెలుగు – ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినాడు. మామ మన మాటలు ఏరితే అల్లుడు మన రాళ్ళు ఏరినాడన్నమాట!

1863 మే 30. మే నెల మద్రాసు ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. పల్లవరం దగ్గర సైన్యం పెరేడు మైదానంలో గరుసు తవ్విన గుంత ఒకటి ఉండినది. ఆ గుంతలోని ఎర్ర గరుసును పరిశీలిస్తూ ఉండగా ఫుట్‌కు ఒక రాయి కనబడింది. దానిని చేతిలోకి తీసుకున్నాడు. క్వార్ట్‌జైటు రాయి. రెండు పక్కలా పెచ్చులు లేపి, అంచు పదును చేసి, గుప్పెట్లో ఇమిడేటట్టు మలిచినది. నీళ్ళల్లో దొర్లిన రాయి నునుపుగా ఉంటుంది. తనంతట తాను పగిలిన రాయి అడ్డదిడ్డంగా ఉంటుంది. ఈ రాయి రెండు విధాలుగానూ లేదు. దానిమీద దెబ్బ తరువాత దెబ్బ ఒక వరుసలో పడి ఉన్నది. వరుస ఉన్నదంటే దాని వెనుక ఒక మనసు ఉన్నదన్నమాట. మన దేశంలో పాత రాతియుగపు చేతిగొడ్డలిని గుర్తుపట్టిన మొదటి క్షణం అది. దొరకు అప్పటికి ఇరవైతొమ్మిది ఏండ్లు కూడా నిండలేదు.

ఒక్క రాయితో ఎవరు నమ్ముతారు? అదే ఏడు సెప్టెంబరు 28న తన సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరువళ్ళూరు వైపు అత్తిరంపాక్కం వద్ద వెతికినాడు. అక్కడ అటువంటి పనిముట్లు మరిన్ని దొరికినాయి. అప్పటిదాకా మన చరిత్ర వేదకాలం దగ్గర మొదలయ్యేది. ఆ వేసవి తరువాత అది చాలా వెనక్కు పోయింది. ఎంత వెనక్కు పోయిందో కొలిచే సాధనం ఫుట్ కాలంలో లేదు. 2011లో శాంతి పప్పు, వారి బృందం వెలువరించిన కొలతల ప్రకారం అత్తిరంపాక్కం అడుగు పొరలలోని పనిముట్ల వయసు పది లక్షల ఏండ్లకు పైమాట, ఇంచుమించు పదిహేను లక్షలు.

నడిచినవాడికే తెలిసే నేల

తొలకరి వాన పడిందంటే మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. జనం తల వంచుకొని సాళ్ళ వెంబడి నడుస్తూ ఉంటారు. వాన మట్టిని కడిగితే వజ్రం మెరుస్తుందని ఆశ. ఫుట్ నడక కూడా అచ్చంగా అదే నడక. వాన కోసిన వంకల్లో, ఏటి గట్లల్లో, గరుసు గుంతల్లో తల వంచుకొని వెతికినాడు. తేడా ఏమిటంటే మనవాళ్ళు మెరిసే రాయి కోసం చూస్తారు, ఆయన మెరవని రాయి కోసం చూసినాడు.

చలికాలం మొదలుకొని ఎండలు ముదిరే దాకా డేరాలు, ఎడ్లబండ్లు, గుర్రం, కాలినడక. వానాకాలంలో ఆఫీసులో కూర్చొని పటాలు గీయడం, నివేదికలు రాయడం. సర్వే వాళ్ళ బతుకు ఆనాడు అదే. ముప్పైమూడేండ్లు ఆయన ఈ ఉద్యోగం చేసినాడు. నెల్లూరు సీమ నుంచి మచిలీపట్నం దాకా కోస్తాను చూసినాడు. దక్షిణ మహారాష్ట్ర సీమను చూసినాడు. బళ్ళారి జిల్లానంతా కొలిచి 1895లో పెద్ద గ్రంథం వెలువరించినాడు. మన ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ బళ్ళారి జిల్లాలోనివే. బంగారు గనులున్న ప్రాచీన శిలల వరుసకు ధార్వార్ అని పేరు పెట్టినవాడు ఆయనే. ఆ పేరు ఈనాటికీ మన సిలబసులో ఉన్నది. ఇటు కడప, కర్నూలు రాళ్ళ పొరలన్నిటినీ వరుసపెట్టి 1872లో గ్రంథం రాసినవాడు ఆయన మిత్రుడు కింగ్. మనం పరీక్షకు వల్లెవేసే బనగానపల్లె, నార్జి, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అనే శిలల పేర్లన్నీ మనం బస్సులో దాటిపోయే ఊళ్ళ పేర్లే.

ఇక్కడ ప్రపంచంలోని మరొక మనిషిని గుర్తు చేయాలి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే మహా గండి ఉన్నది. 1869లో చెక్క పడవల మీద కొలరాడో నది వెంబడి ఆ గండినంతా దాటినవాడు జాన్ వెస్లీ పావెల్. యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు. ఒంటిచేత్తో ఆ గోడలు ఎక్కి రాళ్ళ పొరలు పరిశీలించినాడు. ఆయన పుట్టింది కూడా 1834లోనే. పావెల్ పేరు అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఏటా వేలమంది ఆ గండిలో నడుస్తారు, బండలెక్కుతారు. మనకూ గండికోట ఉన్నది. పెన్నేరు ఎర్రమల కొండలను నిలువుగా కోసిన చోటు అది. అక్కడికి పోయి ఫొటోలు దిగివచ్చేవారిలో ఫుట్, కింగ్ పేర్లు తెలిసినవారు ఎందరని నేను అడగదలచుకోలేదు. మన హాస్టల్లో అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు.

పేడ బూడిద సంగతి

సేద్యగాళ్ళ బిడ్డగా నాకు ఫుట్ మీద గౌరవం పెరిగింది చేతిగొడ్డలి వల్ల కాదు, పేడ వల్ల. నవ్వకండి. బళ్ళారి పక్కన కుడితిని మొదలైన చోట్ల పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. పూర్వం వాటిని రాక్షసుల చితులని జనం చెప్పుకునేవారు. దొరలు కొందరు అగ్నిపర్వతపు బూడిద అని, కొందరు ఇనుము కరిగించిన కొలిమి చిట్టెమని, కొందరు సామూహిక దహనాలని వాదించినారు. ఫుట్ పోయి తవ్వి చూసినాడు. అది గొడ్ల పేడ కాలిన బూడిద అని, ఆ దిబ్బల చుట్టూ కొత్త రాతియుగపు పశుపాలకులు బతికినారని తేల్చినాడు. అందరూ ఒప్పుకోలేదు. దాదాపు ఎనభై ఏండ్ల తరువాత, 1957లో, రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు మహబూబ్‌నగర్ సీమలోని ఊట్నూరు దిబ్బను తవ్వినాడు. అక్కడ పశువుల దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుర్తులు, గొడ్ల గిట్టల అచ్చులు కనబడినాయి. ఫుట్ మాట నిలిచింది. అంటే నాలుగు వేల ఏండ్ల క్రితం కూడా మన సీమ మనిషి పొద్దున లేచి చూసుకున్నది గొడ్లనే. ఈ సంగతి మా అవ్వకు చెబితే, ఇంత తవ్వి కనుక్కోవలసిన విషయమా అది అన్నట్టు చూసింది.

బిలస్వర్గం గండి

ఇక మన ప్రాంతపు ఘట్టానికి వస్తాను. బేతంచెర్ల దగ్గర, కనుమకింది కొట్టాల ఊరి పక్కన, సున్నపురాయి కొండల్లో ఒక ఇరుకు గండి ఉన్నది. దాన్ని బిలస్వర్గం అంటాం. దొరల పుస్తకాలలో అది బిల్ల సుర్గం అయింది. 2022 నుంచి అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ ఫుట్ దొర నాటికి కర్నూలు జిల్లానే, శాస్త్రంలో కూడా కర్నూలు గుహలనే పేరు.

ఆ గండి ఎట్లా పుట్టిందో సైన్సు విద్యార్థిగా రెండు ముక్కలు చెబుతాను. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్ళలోకి దిగి రాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏండ్లకు లోపల సొరంగాలు పడతాయి. సొరంగం పెద్దదయ్యేకొద్దీ పైకప్పు నిలవలేక కూలుతుంది. కూలిన చోట ఆకాశం కనబడే లోతైన సందు మిగులుతుంది. కూలని చోట గవి మిగులుతుంది. బిలస్వర్గంలో రెండూ ఉన్నాయి. కప్పులో కూలకుండా మిగిలిన ఒక ముక్క రెండు గోడల మధ్య వంతెనలాగా నిలిచి ఉన్నది.

పోయిన చలికాలంలో మేము ఆరుగురు మిత్రులం అక్కడికి పోయినాము. జగన్నాథగట్టు ఎక్కడం, ఓర్వకల్లు రాతివనంలో బండలు పాకడం మాకు అలవాటే. ఇది మాత్రం వేరు. బయట ఎండ పెనం మీద అట్టులాగా కాలుస్తూ ఉంటే, గండిలోకి దిగినాక చల్లదనం ఒంటికి తగిలింది. రెండు పక్కలా నిట్టనిలువు బూడిదరంగు గోడలు. వాటి మీద అడ్డంగా పొరలు, దొంతర పెట్టిన పుస్తకాల్లాగా. చెట్ల వేళ్ళు పగుళ్ళ వెంట కిందికి వేలాడుతున్నాయి. మాలో బండలెక్కే మోజున్న ఒకడు చెప్పులు విడిచి గోడ పట్టుకున్నాడు. మనిషిన్నర ఎత్తు ఎక్కినాక వేలికి పట్టు దొరకలేదు. సున్నపురాయి వాన తాగి తాగి కొన్నిచోట్ల నున్నగా అయి ఉంటుంది, కొన్నిచోట్ల కత్తిలాగా ఉంటుంది. మోకాలు గీరుకొని దిగినాడు. గవి నోటి దగ్గర గబ్బిలాల కంపు. లోపల ఎర్రమట్టి. ఆ మట్టిలోనే కథంతా ఉన్నది.

మట్టిలో దొరికిన కర్నూలు ఖడ్గమృగం

ఈ గవుల సంగతి మొదట లోకానికి చెప్పినవాడు న్యూబోల్డు అనే సైనికాధికారి. 1844లో ఆయన వీటిని గురించి రాసినాడు, ఎముకలు దొరుకుతాయని కూడా చెప్పినాడు. తరువాత నలభై ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు. డార్విన్ పక్షాన వాదించిన హక్స్‌లీ పండితుడు, ఆదిమానవుని జాడ గుహలలో దొరకవచ్చునని, మద్రాసు రాజ్యంలోని గుహలను తవ్వించమని గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించినాడు. ఆ పని ఫుట్ మీద పడింది.

1884లో ఆయన బిలస్వర్గం చేరి తవ్వకం మొదలుపెట్టినాడు. వేరే ఉద్యోగ బాధ్యతలు ఉన్నందున, తరువాతి పనిని ఆయన కొడుకు హెన్రీ బ్రూస్ ఫుట్ 1885 దాకా నడిపించినాడు. ఫిరంగి దళంలో లెఫ్టినెంటు అతను, ఇంచుమించు మన వయసువాడే. గవులకు వారు పెట్టిన పేర్లు చూడండి: కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గెటరీ, చార్నెల్ హౌస్. అంటే మహాదేవాలయం, మఠపు సభామందిరం, పాపాలు కడుక్కునే లోకం, ఎముకల కొట్టు. ఆ చీకటిలో, ఉక్కలో, గబ్బిలాల రెట్ట మధ్య కొన్ని నెలలు గడిపిన మనిషికి పాపాలు కడుక్కునే లోకం గుర్తుకు రావడంలో వింత లేదు.

అంత మట్టిని తండ్రీ కొడుకులిద్దరే ఎత్తిపోయలేదు గదా. గడ్డపార పట్టింది, గంపలు మోసింది, దీపం పట్టుకొని ముందు పాకింది మన పల్లెల మనుషులే. పుస్తకాలలో నిలిచినవి మాత్రం దొరల పేర్లు. ఫుట్‌ను గౌరవిస్తూనే ఈ మాట కూడా అనుకోవడం మనకు ధర్మం.

తవ్వకం గుడ్డిగా సాగలేదు. మట్టిని పొరలు పొరలుగా తీసి, ఏ ఎముక ఏ గవిలో ఏ పొరలో దొరికిందో రాసిపెట్టినారు. ఇది చాలా ముఖ్యమైన విషయం, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను. దొరికిన ఎముకలు వేలల్లో ఉన్నాయి. వాటిని లిడెక్కర్ అనే శాస్త్రవేత్త పరిశీలించి 1886లో గ్రంథం వెలువరించినాడు. పెద్దపులి, దుమ్ములగొండి, ఎలుగుబంటి, మనుబోతు, కణితి, ముళ్ళపంది. వీటితోపాటు ఒక ఖడ్గమృగం! ఇప్పుడు గొర్రెకు కూడా గడ్డి చాలని ఈ నేల మీద ఒకప్పుడు ఖడ్గమృగం మేసింది. లిడెక్కర్ దానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని నామకరణం చేసినాడు. ఒక పునుగుపిల్లికి, ఒక అడవిపందికి కూడా మన ఊరి పేరే పెట్టినాడు. ప్రపంచంలోని ఏ గ్రంథాలయంలోనైనా లాటిను భాషలో కర్నూలు పేరు ఉన్నదంటే అందుకు ఈ గవులే కారణం.

జంతువుల ఎముకలతోపాటు, మనిషి చెక్కి మొనదేర్చిన ఎముక పనిముట్లు దొరికినాయని ఫుట్ నివేదించినాడు. అవి ఫ్రాన్సు గుహలలోని పాత రాతియుగపు పనిముట్లను పోలి ఉన్నాయని అభిప్రాయపడినాడు. హక్స్‌లీ ఆశించిన ఆదిమానవుని అస్థిపంజరం మాత్రం దొరకలేదు. ఈ ప్రయాణంలోనే బెలుం గుహల సంగతిని కూడా ఆయన శాస్త్రలోకానికి తెలియజేసినాడు. ఆ తరువాత బెలుం దాదాపు నూరేండ్లు నిద్రపోయింది. 1982, 1983లలో గెబావర్ నాయకత్వాన జర్మను బృందం లోపల పాకి కొలిచింది. 2002లో జనానికి తెరిచినారు. ఇప్పుడు మనం దీపాల వెలుగులో నడిచి చూసివస్తున్నాము.

తరువాత వచ్చినవాళ్ళు

గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు వాళ్ళు చెప్పినదంతా వేదమన్నట్టు రాయడం మనకు అలవాటు. ఫుట్ విషయంలో అది కుదరదు, అవసరమూ లేదు. ఆయన చెప్పిన ఎముక పనిముట్లు తరువాతి కాలంలో కనబడకుండా పోయినాయి. ముళ్ళపంది కొరికినా ఎముక మొనదేరి కనబడుతుంది గదా అని పండితులు సందేహించినారు. ఇటువంటి సందేహం వస్తే మామూలుగా మనిషి పేరు మాసిపోతుంది. ఫుట్ పేరు మాసిపోలేదు. ఎందుకంటే ఎక్కడ తవ్వినదీ, ఎంత లోతు తవ్వినదీ, ఏ పొరలో ఏమి దొరికినదీ ఆయన రాసిపెట్టినాడు. సందేహం ఉన్నవాడు అదే చోటికి పోయి మళ్ళీ తవ్వి చూసుకోవచ్చు.

అట్లాగే పోయినారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు బేతంచెర్ల దగ్గరి ముచ్చట్ల చింతమాను గవిని తవ్వినారు. అక్కడ రాతి, ఎముక పనిముట్లతోపాటు మనిషి నిప్పు పెట్టుకున్న పొయ్యి గుర్తు కూడా దొరికింది. దాని వయసు ఇంచుమించు పదిహేడు వేల ఏండ్లని తేలింది. ఆ దశాబ్దంలోనే కె. తిమ్మారెడ్డి గారు బిలస్వర్గంలో తిరిగి తవ్వినారు. ఈ శతాబ్దంలో రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలైనవారు వచ్చినారు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తెల్లని బూడిద పొర ఒకటి ఉన్నది. జనం దానిని తవ్వి పాత్రలు తోమే పొడికి అమ్మేవారు. అది డెబ్బైనాలుగు వేల ఏండ్ల క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి మన మీద రాలిన బూడిద. ఆ పొరకు కిందా, పైనా కూడా మనిషి పనిముట్లు దొరికినాయని 2007లో ప్రకటించినారు. అంత ఉపద్రవం వచ్చినా మన సీమలో మనిషి బతుకు సాగిందన్నది వారి వాదన. బిలస్వర్గం ఎముకలను మళ్ళీ పరీక్షించి 2014లో వెలువరించిన పరిశోధన, రెండు లక్షల ఏండ్లలో కరువులు, వాతావరణ మార్పులు ఎన్ని వచ్చినా అక్కడి పెద్ద జంతువుల జాతులు దాదాపు అన్నీ ఉపఖండంలో నిలిచే ఉన్నాయని చెప్పింది. కరువు సీమ బిడ్డలకు ఇంతకన్నా ధైర్యం చెప్పే శాస్త్రం ఏముంటుంది?

ఇవన్నీ ఫుట్ వేసిన బాట మీద నడిచి సాధించినవి. నిజమైన శాస్త్రవేత్త అంటే ఎన్నడూ తప్పు పోనివాడు కాదు, తన మాటను ఇతరులు సరిచూసుకునే వీలు ఉంచిపోయినవాడు అని నేను ఈయన జీవితం వల్ల తెలుసుకున్నాను. మన ప్రాక్టికల్ రికార్డులు పక్కవాడి రికార్డు చూసి నింపే అలవాటుకు ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

కడపటి రోజులు

1891లో ఫుట్ సర్వే నుంచి విరమించినాడు. తరువాత బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేసినాడు. సేలం దగ్గరి ఏర్కాడు కొండ మీద నివాసం ఏర్పరచుకొని, జీవితమంతా ఏరిన రాళ్ళను, కుండపెంకులను సర్దుకుంటూ కూర్చున్నాడు. నాలుగు వందలకు పైగా చోట్ల సేకరించిన సామాగ్రి అది. 1904లో మద్రాసు ప్రభుత్వం దానిని మ్యూజియం కోసం కొన్నది. ఒక్కొక్క రాయి ఏ ఊరి ఏ మిట్ట మీద దొరికిందో ఆయన రాసిన వివరాల పట్టికలు ఆయన మరణానంతరం, 1914లోనూ 1916లోనూ అచ్చయినాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన కన్నుమూసినాడు. డెబ్బైఎనిమిదేండ్లు బతికితే అందులో యాభైనాలుగు ఏండ్ల కథ ఈ దేశపు నేలతో ముడిపడినదే. ఆయన సేకరణ నేడు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నది. మన సీమ రాయిని చూడాలంటే మనం రైలెక్కి అక్కడికి పోవాలి.

మన చేతిలో ఉన్నది

ఇక నా మనసులోని మాట. బేతంచెర్ల అంటే లోకానికి గవులు కాదు, నాపరాళ్ళు. ఫుట్ తవ్విన గవులూ, మన ఇండ్లల్లో పరిచే బండలూ ఒకే సున్నపురాయి జాతి. ఆ బండలు కోసి, పాలిషు పట్టి వేల కుటుంబాలు అన్నం తింటున్నాయి. వాన రాని ఏడు మా బంధువుల్లో కూడా కొందరు ఆ పనికే పోయినారు. క్వారీలు మూసేయమని నేను అనను. అట్లా అనడం కడుపు నిండినవాడికి తేలిక. కానీ ఒక బండ పోతే పక్క కొండలో ఇంకొకటి దొరుకుతుంది. రెండు లక్షల ఏండ్ల ఎముకలున్న మట్టి పోతే ఇంకెక్కడా దొరకదు. ఏ కొండ కోయవచ్చు, ఏ కొండ కోయకూడదు అన్న గీత ఒకటి గీయాలి. గీత గీయాలంటే ముందు అక్కడ ఏమున్నదో మనకు తెలిసి ఉండాలి.

క్వారీ కన్నా మనలాంటి కుర్రాళ్ళు చేసే చేటు కూడా తక్కువేమీ కాదు. బిలస్వర్గం గోడల మీద రంగుతో రాసిన పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మలు నేను చూసినాను. గవి నోట్లో మంట వేసి వంట చేసుకున్న బూడిద కూడా చూసినాను. వేల ఏండ్ల క్రితపు పొయ్యి బూడిద పక్కన నిన్నటి బిర్యానీ పొయ్యి బూడిద కలిస్తే రేపు వచ్చి తవ్వేవాడు ఏమనుకోవాలి? కొండలెక్కే సరదా మంచిదే. ఎక్కండి, పాకండి, మోకాళ్ళు గీరుకోండి. గవిలో మాత్రం మట్టి కదిలించకండి, గోడ గీకకండి.

విద్యార్థి సంఘం వారికి నాదొక విన్నపం. ప్రతి ఏడూ విహారయాత్రకు ఊటీ, మైసూరు అంటున్నాము. ఒక్క ఏడు బిలస్వర్గం, ముచ్చట్ల, జ్వాలాపురం, బెలుం పెట్టండి. ఖర్చు తక్కువ, నడక ఎక్కువ. జియాలజీ లెక్చరర్లు ఒకరు, చరిత్ర లెక్చరర్లు ఒకరు మాతో వస్తే, ఏ గవి ఎక్కడున్నదో, ఏ గోడ ఎంత ఎత్తున్నదో, ఏ క్వారీ ఎంత దూరంలో ఉన్నదో టేపు పట్టి కొలిచి ఒక పటం గీసుకుందాము. ఆ పటం ఒక ప్రతి కాలేజీ లైబ్రరీలో, ఒక ప్రతి కలెక్టరు గారి ఆఫీసులో పెడదాము. నూట నలభై ఏండ్ల క్రితం ఒక పరదేశి ఈ ఎండలో చేసిన పని, ఈ నేల మీద పుట్టినవాళ్ళం మనం చేయలేమా?

ఇంకొకటి. నాలాగా సేద్యగాళ్ళ ఇండ్ల నుంచి వచ్చిన మిత్రులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు, గెనిమ మీది రాళ్ళ కుప్పను ఒకసారి తిరగేసి చూడండి. చేతికి ఇమిడే రాయి, రెండు పక్కలా వరుసగా పెచ్చులు లేచిన రాయి, అంచు పదునున్న రాయి కనబడితే విసిరేయకండి. ఏ ఊరో, ఏ చేనో, ఏ తేదీనో ఒక చీటీ మీద రాసి రాయితోపాటు మన డిపార్టుమెంటుకు తెచ్చి ఇవ్వండి. చీటీ లేని రాయి వట్టి రాయే. ఫుట్ దొర మనకు నేర్పిన పాఠం అదే.